మందుల సంచీ విప్పి చూస్తే

1990ల్లో భారత ఉపఖండం మీద రాబందులు ఉన్నట్టుండి రాలిపోవడం మొదలైంది. కొమ్మ మీద మెడ వాల్చుకుని కూర్చున్నవి కూర్చున్నట్టే కింద పడేవి. వైరస్ అన్నారు కొందరు, పురుగుమందు అన్నారు కొందరు. పాకిస్తాన్‌లో చచ్చిన పక్షుల్ని కోసి చూసిన లిండ్సే ఓక్స్ బృందానికి గుండె మీదా, కాలేయం మీదా తెల్లటి పొర కనిపించింది. అది యూరిక్ ఆమ్లం. కిడ్నీలు చెడిపోతే బయటికి పోవలసినది లోపలే పేరుకుపోయింది. 2004లో వాళ్ళు కారణం బయటపెట్టారు: డైక్లోఫెనాక్. నొప్పులకని పశువులకు పొడిచిన సూది, ఆ పశువు చచ్చాక దాని మాంసం తిన్న రాబందుకు చేరింది. మన దేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 99 శాతానికి పైగా పడిపోయింది.

2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు పోతూనే ఉన్నాయి. దాంతో 2015లో మనుషులకిచ్చే డైక్లోఫెనాక్ సూదిమందు సీసా 3 మిల్లీలీటర్లు మించకూడదని ఆంక్ష పెట్టారు. తెలంగాణలో ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లో, పాలరాపుగుట్ట మీద రాబందులు మళ్ళీ కనిపిస్తే పత్రికలు వార్తలు రాశాయంటే అవి ఎంత అరుదైపోయాయో తెలుస్తుంది.

పక్షి కిడ్నీ వేరు, మనిషి కిడ్నీ వేరు. రాబందును చంపిన మోతాదు మందు మనిషిని ఏమీ చేయదు. డైక్లోఫెనాక్ మనుషులకు పనికొచ్చే మందే. కానీ పశువుల విషయంలో చట్టం పట్టించుకున్నంతగా మనిషి తన విషయం పట్టించుకోడు. నడుం పట్టేసినా, పన్ను లాగినా, మోకాలు పీకినా మెడికల్ షాపుకు వెళ్ళి "నొప్పుల బిళ్ళ ఇవ్వు" అంటాడు. షాపతను రెండు బిళ్ళలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు. ఏ మందో పేరు కూడా తెలియదు. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే అదే మందు సూదిగా పడుతుంది.

ఆ బిళ్ళ లోపల చేసే పని తెలిస్తే ఎప్పుడు వేసుకోకూడదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గుత్తులుంటాయి. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో లీటరున్నరో రెండు లీటర్లో మాత్రమే మూత్రంగా వదిలి, మిగతాదంతా తిరిగి ఒంటికిచ్చేస్తాయి. ఇంత పని జరగాలంటే గుత్తి లోపల ఒత్తిడి నిలకడగా ఉండాలి. వరి మడిలో నీటిమట్టం నిలబెట్టే రైతుకు ఇది సులువుగా అర్థమవుతుంది. నీళ్ళు వచ్చే తూము ఒకటి, పోయే తూము ఒకటి. కాలవలో నీళ్ళు తగ్గితే వచ్చే తూము బాగా తెరుస్తాడు, పోయే తూము కొంచెం మూస్తాడు. కిడ్నీ కూడా అంతే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు లోపలికొచ్చే రక్తనాళాన్ని వెడల్పు చేస్తాయి. యాంజియోటెన్సిన్ అనేది బయటికి పోయే నాళాన్ని బిగిస్తుంది. మట్టం నిలుస్తుంది.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్: ఇవన్నీ నొప్పి తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్లను ఆపే. అంటే వచ్చే తూము మూతపడుతుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ బిళ్ళలు పోయే తూమును వదులు చేస్తాయి. ఒంట్లో నీరు తీసే బిళ్ళలు కాలవలో నీళ్ళే తగ్గిస్తాయి. ఈ మూడూ ఒకే రోజు ఒకే ఒంట్లో పడితే మడి ఎండుతుంది. వైద్యులు దీన్ని మూడు దెబ్బల కలయికగా చెబుతారు.

ఇదేదో అరుదుగా జరిగేదనుకుంటే పొరపాటు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిపిన ఒకే బిళ్ళ మన దగ్గర లక్షల ఇళ్ళలో ఉంది. పేరు చివర 'హెచ్' అక్షరం ఉంటే చాలాసార్లు అదే. మూడింటిలో రెండు ఆ ఒక్క బిళ్ళలోనే ఉన్నాయి. మూడోది మోకాళ్ళ నొప్పుల రూపంలో వస్తుంది. బీపీ బిళ్ళ రాసింది ఒక డాక్టరు, మోకాళ్ళకు రాసింది ఎముకల డాక్టరు, మధ్యలో జ్వరం వస్తే సూది వేసింది ఆర్ఎంపీ. ఎవరి మందు వారు సరిగ్గానే ఇచ్చి ఉండవచ్చు. మూడూ కలిస్తే ఏమవుతుందో చూసే మనిషి మాత్రం ఎక్కడా లేడు.

ఇక్కడొక హెచ్చరిక. పై మాటలు చదివి బీపీ బిళ్ళ మానేస్తే అసలుకే మోసం. టెల్మిసార్టాన్ వంటివి షుగరు ఉన్నవారి కిడ్నీని ఏళ్ళ తరబడి కాపాడే మందులు. మూడింటిలో ఒకటి మానాలంటే అది నొప్పుల బిళ్ళే.

మే నెల మధ్యాహ్నం ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది. మిర్చి కోతకో ఉపాధి పనికో వెళ్ళిన మనిషి పొద్దున్నుంచి చెమట కారుస్తాడు. తాగేది తక్కువ. ఆడవాళ్ళయితే పొలం దగ్గర మరుగు ఉండదని కావాలనే నీళ్ళు తాగరు. సాయంత్రం ఒళ్ళు హూనమై ఇంటికొచ్చి నొప్పుల బిళ్ళ మింగి పడుకుంటారు. కిడ్నీకి ప్రోస్టాగ్లాండిన్ల అవసరం రోజంతటిలో ఎక్కువగా ఉన్న గంటలో వాటిని లాగేసినట్టు. ఒక్క రోజుతో ఏమీ కాకపోవచ్చు. సీజనంతా, ఏళ్ళ తరబడి ఇదే నడిస్తే? వేసుకునే బిళ్ళ ఎంత బలమైనదన్నది ఒక ప్రశ్నయితే, ఏ రోజు వేసుకున్నారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఈ ప్రశ్నను దశాబ్దాలుగా మోస్తోంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడిమామిడి తోటలు, పక్కనే సముద్రం. 2019లో వెలువడిన ఒక అధ్యయనం అక్కడి పెద్దల్లో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని చూపింది. అందులో ఎక్కువమందికి షుగరు లేదు, కారణం చెప్పగల మరో జబ్బూ లేదు. నీటిలో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో చాకిరీ, నొప్పుల బిళ్ళలు, వంశ లక్షణం: అన్నిటి మీదా అనుమానం ఉంది, ఏ ఒక్కదాని మీదా తీర్పు రాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చారు. నేరస్తుడు ఎవరో తేలేదాకా ఆగకుండా అనుమానితుల్ని ఒక్కొక్కరినే గుమ్మం దాటించడం మంచి పనే. నీటి సంగతి ప్రభుత్వం చూడాలి. నొప్పుల బిళ్ళ సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ఉద్దానం ఒంటరి కాదు. శ్రీలంకలో అనూరాధపుర, పొలన్నరువ వైపు వరి రైతులు, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలు ఇలాంటి జబ్బుతోనే పోతున్నారు. నికరాగువాలో ఒక పెద్ద చెరకు మిల్లు కూలీలకు నీళ్ళు, నీడ, మధ్యమధ్య విశ్రాంతి తప్పనిసరి చేస్తే కిడ్నీ దెబ్బతినడం తగ్గినట్టు పరిశీలనల్లో కనిపించింది. కొత్త మందేమీ కనిపెట్టలేదు. గల్ఫ్‌లో పనికి వెళ్ళే కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ కుర్రాళ్ళకూ ఇది పనికొచ్చే విషయం. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని నిషేధం. ఆ విరామం అడిగి తీసుకోవలసిన హక్కు.

నొప్పుల మందు ఏళ్ళ తరబడి మింగితే ఏమవుతుందో ఐరోపా చాలా ముందే చూసింది. స్వీడన్‌లో హుస్క్వర్నా అని ఆయుధాల కర్మాగారం ఉన్న పట్నం. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అక్కడి డాక్టరు యోర్టన్ ఫెనసెటిన్, ఫెనజోన్, కెఫీన్ కలిపి ఒక పొడి తయారుచేశాడు. జ్వరాలు పోయాయి, పొడి మాత్రం పోలేదు. దాంతో ఒళ్ళు చురుగ్గా ఉంటుందని, పని జోరుగా సాగుతుందని కార్మికులు రోజూ వేసుకున్నారు. చుట్టపుచూపుగా వెళ్ళినా పొడి పొట్లాం పట్టుకెళ్ళేంత అలవాటైంది. ఏళ్ళు గడిచాక ఆ పట్నంలో కిడ్నీలు చెడి చనిపోయేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళకంటే ఎక్కువని తేలింది. 1953లో స్విట్జర్లాండ్ వైద్యులూ ఇదే సంగతి రాశారు. అయినా అమెరికా ఫెనసెటిన్‌ను మార్కెట్ నుంచి తీసేసింది 1983లో. మందుకు చెడ్డపేరు రావడానికీ, అది షాపులోంచి పోవడానికీ మధ్య ముప్ఫై ఏళ్ళు.

కాబట్టి షాపులో అమ్ముతున్నారు కదా అన్నది హామీ కాదు. మన ఇళ్ళలో ఉండే పేర్లు కొన్ని గుర్తుంచుకుంటే చాలు. వోవెరాన్ అంటే డైక్లోఫెనాక్. బ్రూఫెన్ అంటే ఐబుప్రోఫెన్. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్‌తో పాటు పారాసిటమాల్ ఉంటుంది. జీరోడాల్ అంటే ఎసిక్లోఫెనాక్. వీటిలో రెండు పేర్లు ఒకేసారి వేసుకుంటే రెండు మందులు వేసుకున్నట్టు కాదు, ఒకే జాతి మందు రెట్టింపు మోతాదు. డోలో 650 వేరే జాతి, అది పారాసిటమాల్. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి సాధారణంగా డాక్టర్లు ముందు చెప్పేది అదే. పెద్దవాళ్ళు రోజు మొత్తం మీద 3 గ్రాములు దాటకుండా చూసుకోవాలి. మద్యం అలవాటున్నవారు, కాలేయం జబ్బున్నవారు ఇంకా తక్కువకు ఆగాలి. నొప్పి ఒక్కచోటే ఉంటే పైన రాసే జెల్ నయం, దానిలోంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

మిగతా మందుల సంగతి త్వరగా. జెంటామైసిన్, అమికాసిన్ సూదులు కిడ్నీ నాళికల కణాల్లో పేరుకుంటాయి. అందుకే ఆసుపత్రిలో వాటిని ఇస్తూ మధ్యమధ్య రక్తపరీక్ష చేస్తారు. ఊళ్ళో మంచం మీద వారం రోజులు పొడిపించుకుంటే ఆ కాపలా ఉండదు. సీటీ స్కాన్‌కు ముందు ఎక్కించే రంగుమందు, ముందే కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి జాగ్రత్త విషయం. స్కాన్ గదిలోకి వెళ్ళేలోపు ఆ మాట చెప్పాలి. ఇక 'గ్యాస్ బిళ్ళ'. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వల్ల కొద్దిమందిలో కిడ్నీకి అలర్జీ తరహా వాపు వస్తుందన్నది నిర్ధారణ అయిన సంగతే. 2016లో అమెరికాలో వచ్చిన పరిశీలన వీటిని ఏళ్ళ తరబడి వాడేవారిలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువని చూపింది. అదే కారణమని తేలలేదు. అవసరమున్నవాళ్ళు మానకూడదు. కానీ ఎప్పుడో అయిదేళ్ళ కింద రెండు వారాలకని రాసిన గ్యాస్ బిళ్ళ ఇప్పటికీ పరగడుపున పడుతుంటే, ఇంకా ఎందుకని డాక్టరును అడగడంలో తప్పులేదు.

"చెట్టు మందు కదా, ఏమీ కాదు" అన్న మాటకు జవాబు బ్రసెల్స్‌లో ఉంది. 1990ల మొదట్లో అక్కడొక క్లినిక్‌లో సన్నబడడానికి చైనా మూలికల బిళ్ళలు ఇచ్చారు. వేయవలసిన మూలిక బదులు అరిస్టోలోకియా జాతి మొక్క పడింది. వందమందికి పైగా కిడ్నీలు పాడయ్యాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. క్రొయేషియా, సెర్బియా, బల్గేరియాలలో డాన్యూబ్ ఉపనదుల పక్క పల్లెల్ని దశాబ్దాలు పీడించిన కిడ్నీ జబ్బు మూలం కూడా ఆ జాతి మొక్కే. గోధుమ చేలో కలుపుగా పెరిగి, గింజలు పిండిలో కలిసి, రొట్టెలోకి చేరింది. మన నాటువైద్యంలో పాముకాటుకని వాడే ఈశ్వర వేరు ఆ జాతిదే. పామును దగ్గరికి రానివ్వదని పెరట్లో పెంచుకుంటే పెంచుకోవచ్చు. నూరి తాగకూడదు.

మొక్కల కంటే భస్మాలతో ఇంకా జాగ్రత్త. పాదరసం, సీసం కలిసిన నాటుమందుల వల్ల కిడ్నీ జల్లెడ పొర దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ కారిపోయిన రోగుల్ని మన దేశపు వైద్యులు పలుమార్లు నమోదు చేశారు. పాదరసం తినక్కర్లేదు, ముఖానికి రాసుకున్నా చాలు. కేరళలో కొట్టక్కల్ వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే ఆ జల్లెడ పొర జబ్బు వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందిది ఒక ప్రత్యేక రకం జబ్బు. ఆ 15లో 13 మంది ముఖం తెల్లబడే క్రీములు వాడినవారే. రంగు కోసం రాసింది చర్మంలోంచి దిగి కిడ్నీలో తేలింది. క్రీము మానేశాక చాలామంది కోలుకున్నారు. తయారీదారు చిరునామా లేని డబ్బా, వారంలో తెల్లబడతారని చెప్పే డబ్బా ఏదైనా చెత్తబుట్టకే.

పిల్లల దగ్గు మందు కథ అన్నిటికంటే చేదు. డైఇథైలిన్ గ్లైకాల్ కారు ఇంజన్ల ద్రవాల్లో వాడే పదార్థం. సిరప్‌లో వాడవలసిన గ్లిజరిన్ లేదా ప్రొపైలిన్ గ్లైకాల్‌లో ఇది కలుస్తుంటుంది. కడుపులోకి పోతే రోజుల్లో కిడ్నీలు ఆగిపోతాయి. 1937లో అమెరికాలో ఒక సల్ఫా మందుకు దీన్నే ద్రావకంగా వాడితే వందమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది అక్కడ మందుల చట్టం మారింది. 1986లో ముంబై జేజే ఆసుపత్రిలో కల్తీ గ్లిజరిన్‌కు 14 మంది బలయ్యారు. 2022లో గాంబియాలో భారత్ నుంచి వెళ్ళిన సిరప్‌లు తాగి దాదాపు 70 మంది పిల్లలు పోయారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో 20 మందికి పైగా పిల్లలు. ఆ సీసాలో విషం 48.6 శాతం ఉన్నట్టు తమిళనాడు పరీక్షలో తేలింది. అనుమతించిన హద్దు 0.1 శాతం. దాదాపు తొంభై ఏళ్ళుగా ఒకే తప్పు.

సీసా చూసి తల్లిదండ్రులు ఈ కల్తీని పట్టలేరు. చేయగలిగింది, అవసరం లేని సీసా కొనకపోవడం. చిన్నపిల్లల జలుబు దగ్గు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్ నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. ఛింద్వాడా సీసా మీద ఆ రెండు పేర్లూ ఉన్నాయి. మందు వేశాక పిల్లాడికి వాంతులు అయి, మూత్రం తగ్గితే లేదా ఆగితే తెల్లారేదాకా చూడకూడదు. సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తాలి.

గాలి, నీరు, నేల ద్వారా వచ్చే లోహాల్లో కాడ్మియం మొండిది. జపాన్‌లో కమియోకా గని నుంచి జింజూ నదిలోకి, నదిలోంచి వరిపొలాల్లోకి చేరి తొయామా ప్రాంతపు ఆడవాళ్ళ కిడ్నీల్నీ ఎముకల్నీ తినేసింది. కారణం కాడ్మియమేనని 1968లో ప్రభుత్వం ఒప్పుకుంది. గని లేని ఊళ్ళో కూడా కాడ్మియం అందే దారి ఒకటుంది, బీడీ, సిగరెట్ పొగ. సీసం పాత బ్యాటరీలు ఇంట్లో విప్పి కరిగించేచోట పొగలో, దుమ్ములో ఉంటుంది. ఆ బట్టలతో వచ్చి పిల్లల్ని ఎత్తుకోకుండా ముందు స్నానం చేయాలి. పురుగుమందు కొట్టేవాళ్ళు గాలివాలు చూసుకోవడం, చేతికి తొడుగు వేసుకోవడం, ఖాళీ డబ్బాలో తాగునీళ్ళు పట్టకపోవడం కనీస జాగ్రత్తలు.

ఇక ఇంట్లో చేయవలసిన పని. ఒక పగటిపూట మందుల డబ్బా, పర్సులో బిళ్ళలు, దిండు కింది పొట్లాం, నాటుమందు పొడి, ముఖం క్రీము అన్నీ ఒక సంచీలో వేయాలి. తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ సంచీ బల్ల మీద బోర్లించాలి. "ఇవన్నీ వాడుతున్నానండీ, కిడ్నీకి ఏవి పడవు?" అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ వచ్చిన రోజు బీపీ బిళ్ళ, నీరు తీసే బిళ్ళ, షుగరు బిళ్ళ వేసుకోవాలా ఆపాలా అన్నది కూడా అప్పుడే ముందుగా అడిగి రాయించుకోవాలి. చాలామందికి అవి ఒకటి రెండు రోజులు ఆపమంటారు. ఎవరికి ఏవన్నది డాక్టరు చెప్పాల్సిందే. అలాంటి రోజు ఓఆర్ఎస్ తాగుతూ, నొప్పుల బిళ్ళ జోలికి పోకుండా ఉండాలి. గుండె బలహీనమైనవారు, ఇప్పటికే కిడ్నీ జబ్బున్నవారు మాత్రం ఎంత తాగాలో కూడా అడిగే తాగాలి.

కిడ్నీ పనితీరు కోసం చేసే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఒక్కటే చూసి ధైర్యపడడం సరికాదు. కిడ్నీ సగం పని తగ్గేదాకా అది పెద్దగా కదలకపోవచ్చు. పైగా అదే అంకె అందరికీ ఒకే అర్థం ఇవ్వదు. 1.2 అన్న రిపోర్టు 25 ఏళ్ళ కుర్రాడికొస్తే వడపోత అంచనా దాదాపు 86. అదే 1.2 తో 65 ఏళ్ళ ఆవిడకు అది 50 దగ్గర ఆగుతుంది. అందుకే రిపోర్టులో ఆ అంచనా చెప్పే ఈజీఎఫ్ఆర్ అన్న అంకె అడగాలి. దాంతో పాటు మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూపించుకోవాలి. ఉద్దానం తరహా జబ్బులో, నొప్పుల బిళ్ళల వల్ల వచ్చే జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా కనిపించకపోవచ్చు, కాబట్టి ఒకటి చేయించి రెండోది వదిలేయకూడదు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు, తరచూ నొప్పుల మందు వాడేవాళ్ళు, ఎండలో పనిచేసేవాళ్ళు ఏడాదికోసారి రెండూ చేయించుకోవాలి. పాత కాగితాలు పారేయొద్దు. మూడేళ్ళలో క్రియాటినిన్ 0.8, 0.9, 1.1 అని వస్తే ఏ కాగితం మీదా ఎర్రగీత పడదు. మూడూ వరసగా పెట్టి చూసిన డాక్టరు మాత్రం మందుల చీటీ మళ్ళీ మొదటినుంచి చదువుతాడు.